వేలు కదిపితే లండన్, కాలు కదిపితే అమరావతి

గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు కోసం నిలబడి ఫోన్లో ఆ ఊరి పేరు కొట్టి చూడండి. బస్సు కదిలేలోగా లండన్ బ్రిటిష్ మ్యూజియం తలుపులు తెరుచుకుంటాయి. అక్కడి 33ఏ గదిలో, గాజు గోడ వెనక, మన పలనాటి సున్నపురాయి మీద చెక్కిన పద్మాలూ సింహాలూ చేతులు జోడించిన మనుషులూ కనిపిస్తారు. 2015లో గూగుల్ కెమెరాలు ఆ మ్యూజియం గదులన్నీ తిరిగాయి. అప్పట్నుంచి అరుగు మీద కూర్చుని కూడా ఆ గదుల్లో నడవొచ్చు. గుంటూరు నుంచి అమరావతి 35 కిలోమీటర్ల దూరం, లండన్ దాదాపు 8 వేల కిలోమీటర్లు. దగ్గరున్న ఊరు చేరడానికి గంట పడుతుంది, దూరాన ఉన్నది మాత్రం అరచేతిలోకి వచ్చి కూర్చుంటుంది.

మరి బస్సెక్కడం దేనికి? ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళలో గట్టిగానే వినిపిస్తోంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు టీవీలో లైవ్ వస్తాయి. అమెరికాలో ఉన్న కొడుకు పర్చూరు పొలం గట్టును శాటిలైట్ ఫొటోలో చూసి, పక్కవాళ్ళు జరిగారో లేదో నాన్నను అడుగుతాడు. మేనకోడలి పెళ్ళి యూట్యూబులో చూసి అక్షింతలు వాట్సాప్‌లో వేస్తారు. మే నెల ఎండలో, మోకాళ్ళ నొప్పులతో, టికెట్టుకు డబ్బులు పోసి వెళ్తే అక్కడ కొత్తగా చూసేదేమిటని అడిగేవాళ్ళను సోమరులని కొట్టిపారేయలేం. ఎందుకంటే, అమరావతి మటుకే తీసుకుంటే, వాళ్ళ మాటలో సగం నిజముంది. అక్కడి శిల్పాల్లో మేలైనవి అక్కడ లేవు.

అవి ఎందుకు లేవో తెలిస్తే ప్రయాణం సంగతీ తెర సంగతీ రెండూ తేలతాయి.

1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి కృష్ణ ఒడ్డునున్న అమరావతికి మార్చి, అమరేశ్వరుడి సన్నిధిలో కొత్త పట్నం కట్టించాడు. కట్టడాలకు రాయి కావాలి. జనం దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బను తవ్వితే చెక్కడపు పలకలు బయటపడ్డాయి. ఆ దిబ్బ కింద ఉన్నది పాత బౌద్ధ స్తూపం. కబురు విని కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1798లో వచ్చి చూసి వెళ్ళాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. పలకలు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి చేరాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. మెకంజీ తన చిత్రకారులను కూర్చోబెట్టి, మిగిలినవాటిని కొలిచి బొమ్మలు గీయించాడు. 80కి పైగా చిత్రాలున్న ఆ సంపుటం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. అందులో ఉన్న కొన్ని శిల్పాలు తర్వాత మాయమయ్యాయి, ఆ గీతల్లో తప్ప మరెక్కడా లేవు. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే మన నేల మీద మొదటి వర్చువల్ టూర్ అదే. దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు బొమ్మలతో సరిపెట్టుకోలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు తరలించాడు. అవి ఏళ్ళ తరబడి అక్కడ ఎండావానల్లో పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. అలా లండన్ చేరినవి 121. అక్కడ కూడా గుర్రపు బండ్ల కొట్టంలో మూల పడి ఉంటే, పారిస్ ప్రదర్శనకు ఫొటోలు సిద్ధం చేస్తున్న జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇక్కడ సూయెల్ 1877లో, బర్జెస్ 1881-82లో మిగిలింది తవ్వారు. అందులో దొరికినవి చాలావరకు మద్రాసు మ్యూజియానికి వెళ్ళి, ఎగ్మూరు గోడల్లో సిమెంటు పెట్టి బిగించబడ్డాయి. కోల్‌కతా, ఢిల్లీ, పారిస్ మ్యూజియాలకూ కొన్ని పోయాయి. స్వయంగా వచ్చిన ప్రతివాడూ స్థలానికి మేలు చేశాడనుకోవడం పొరపాటు. మెకంజీ గీయించిన కాగితాలు ఈ దిబ్బకు చేసినంత మేలు తర్వాతి గునపాలు చేయలేదు.

ఇన్ని ఊళ్ళలో చెదిరిపోయిన ఒకే కట్టడం మళ్ళీ ఒకచోట కలవాలంటే తెర ఒక్కటే దారి. ఈ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే మిగతా సంగతి.

రాయి రెండో ముఖం

బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది. దాని మీద చెక్కింది అమరావతి స్తూపాన్నే. ద్వారం దగ్గర స్తంభాల మీద సింహాలు, వెనక వేదిక మీద వరుసగా ఐదు ఆయక స్తంభాలు, పైన అండం, ఆకాశంలో ఎగిరే దేవతలు. క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటి పని. స్తూపం ఎలా ఉండేదో పండితులు ఊహించింది చాలావరకు ఇలాంటి పలకల ఆధారంగానే. ఆ రాయి వెనక్కి వెళితే ఇంకో శిల్పం కనిపిస్తుంది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న జనం. ఇది అంతకు మూడు వందల ఏళ్ళ పైచిలుకు ముందటిది, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలం నాటిది. తర్వాతి శిల్పులు స్తూపాన్ని కొత్తగా తీర్చేటప్పుడు పాత రాయిని తిప్పి వీపు మీద చెక్కారు. పాత ముఖం స్తూపం గోడవైపుకు వెళ్ళిపోయింది.

ఫోన్లో ఈ రెండు బొమ్మలూ వెబ్‌సైట్లో పక్కపక్కనే వస్తాయి. రెండు వేర్వేరు రాళ్ళనుకుని ముందుకు జరిపేస్తాం. రాయికి మందం ఉంటుందనీ, దానికి వెనక వైపుంటుందనీ, ఆ రెండు ముఖాల మధ్య మూడు శతాబ్దాల మతం మారిందనీ తెలిసేది చుట్టూ తిరిగినప్పుడే.

అమరావతిలో మిగిలిన దిబ్బ దగ్గర తెలిసే సంగతి ఇంకొకటి. స్తూపపు గుండ్రని పీఠం, అంటే మేధి, వ్యాసం సుమారు 50 మీటర్లు, చుట్టూ ఉండిన రాతి ప్రాకారం వ్యాసం దాదాపు 59 మీటర్లు. ఈ రెంటి నడుమ బాటలో ఒక్క ప్రదక్షిణ చేస్తే 170 మీటర్ల నడక. నిండుగా చెక్కింది ప్రాకారం లోపలి ముఖాన్ని, బయటివైపు పని తక్కువ. అంటే ఆ కథలు ప్రాకారం లోపల నడిచేవాళ్ళ కోసం పెట్టినవి. కుడిచేతి వైపు మేధి పలకలు, ఎడమచేతి వైపు జాతక కథలు, నడిచేకొద్దీ ఒకదాని వెనక ఒకటి ఎదురొచ్చేవి. మ్యూజియం గోడకు బిగించినా, తెర మీద పెట్టినా ఆ వరుస తెగిపోతుంది. ఇప్పుడక్కడ గడ్డి, ఇటుక, నిలబెట్టిన కొన్ని పలకలు తప్ప లేవు. అయినా ఆ వలయంలో ఒక చుట్టు తిరిగితే కొలత ఒంటికి పడుతుంది. ఎందరు, ఎన్ని తరాలు, ఎంత రాయి మోసి ఉంటే ఇది నిలబడిందో కాళ్ళకు అర్థమవుతుంది.

ఆ మోసినవాళ్ళలో రాజులకంటే మామూలు జనమే ఎక్కువ కనిపిస్తారు. దాన శాసనాల్లో వర్తకులు, గంధం అమ్మేవాళ్ళు, భిక్షుణులు, గృహిణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడు. పక్కనే ధరణికోట. 1960ల్లో అక్కడ తవ్వితే పడవలు ఆగే రేవు ఆనవాళ్ళు బయటపడ్డాయి. స్తూపం దగ్గర నుంచి నది వైపు నడిస్తే ఈ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష జరిపినప్పుడు లక్షమందికి పైగా వచ్చారు. టిబెటన్లు, భూటాన్ వాళ్ళు, లడఖ్ వాళ్ళు, యూరప్ వాళ్ళు. శిల్పాల కోసమైతే వాళ్ళు లండన్ వెళ్ళాలి. బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది ఈ చోటి పాత పేరైన ధాన్యకటకంలోనని వాళ్ళ సంప్రదాయం నమ్ముతుంది. ఆ నేల మీద కూర్చోవడానికి వచ్చారు. గుంటూరు జనం చాలామంది ఆ జనవరిలోనే తమ పక్కన ఏముందో మొదటిసారి పట్టించుకున్నారు.

తెర గెలిచే చోటు

అదే కృష్ణ మీద, ఎగువన, ప్రయాణం ఓడిపోయే ఊరు ఒకటుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో వెలుగులోకి వచ్చింది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగే నాటికే ఆ పట్నం ఉన్న లోయ మునుగుతుందని తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నీటితో పందెం వేసినట్టు తవ్వారు. విహారాలు, చైత్యాలు, స్నానఘట్టాలు కొన్నింటిని రాయి రాయి విప్పి నాగార్జునకొండ మీద మళ్ళీ పేర్చారు. మెట్ల రంగస్థలాన్ని ఒడ్డున అనుపులో కట్టారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం, దాని మీద మ్యూజియం. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్తే ముప్పావుగంట పైనే ప్రయాణం. మన కింద, లోతు నీటి అడుగున, అసలు పట్నం ఉంటుంది. దాన్ని చూడడానికి ఎవరూ వెళ్ళలేరు.

ఇక్కడ వర్చువల్ చిత్రణను విలాసమనుకోకూడదు. తవ్వకాల నక్షాలు, కొలతలు, ఫొటోలు పురావస్తు శాఖ దగ్గరున్నాయి. ఆ లోయను వీధి వీధి తెర మీద నిలబెట్టి లాంచీ ఎక్కే పిల్లలకు చూపించగలిగితే, కింద ఏముందో తెలిసి వాళ్ళు నీళ్ళవైపు చూస్తారు. పలనాడు ఇంజినీరింగు కాలేజీల్లో చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదని నా అభిప్రాయం.

ఇంట్లోంచి కదలలేనివాళ్ళ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మంచం పట్టిన పెద్దవాళ్ళకు, చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్లున్న చోట్లకు, లండన్ టికెట్టు కొనలేని మనలాంటి నూటికి తొంభైమందికి తెర వరమే. 1830-31లో మద్రాసు నుంచి కాశీ దాకా వెళ్ళొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, దారి పొడుగునా చూసింది చూసినట్టు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపాడు. పిళ్ళె మద్రాసులో కూర్చునే ఆ యాత్ర చేశాడు, 1838లో పుస్తకంగా అచ్చేయించి తెలుగువాళ్ళందరి చేతా చేయించాడు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు పోగుచేయించిన ఊళ్ళ కైఫీయత్తులూ అంతే. వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగారు కనకే గుంటూరు మండలంలోని పల్లెల కథలు ఇవాళ మనం కుర్చీలో కూర్చుని చదువుకుంటున్నాం.

ఎవరో ఒకరు వెళ్తేనే ఏదైనా తెర మీదకు వస్తుంది. వెళ్ళినవారు ఎక్కడ నిలబడి ఏది చూపదలిచారో అదే మనకు కనిపిస్తుంది. వాళ్ళు పట్టించుకోనిది మనకు లేనట్టే లెక్క.

యార్డులో కాయను ఏం చేస్తారు?

చూడటానికీ తెలుసుకోవడానికీ ఉన్న తేడా ఈ మైదానంలో అందరికన్నా బాగా ఎరిగినవాళ్ళు మిర్చి కొనేవాళ్ళు. ఫిబ్రవరి నుంచి వేసవి నడుమ దాకా గుంటూరు యార్డులో టిక్కీలు కొండల్లా పేరుకుంటాయి. తేజ, 334, బాడిగ, రకరకాలు. ఆ 334 అన్న అంకె మన లాం ఫారంలో తయారైన ఎల్‌సీఏ 334 వంగడానిది. 2016 ఏప్రిల్ 14న కేంద్రం మొదలుపెట్టిన ఈ-నామ్ ఈ యార్డులోకీ వచ్చింది, ధరలు తెర మీద పడుతున్నాయి. కొనేవారు ఎక్కడో ఉండి బేరమాడొచ్చన్నది దాని ఆశయం. అయినా ధర వేసే ముందు టిక్కీలో చెయ్యి పెట్టకుండా ముందుకు సాగే కొనుగోలుదారుని చూడడం కష్టం.

ఆ చెయ్యి చేసే పని గమనించండి. పై కాయను వదిలేసి లోపలికి దిగి గుప్పెడు తీస్తుంది. గుప్పిట బిగించి వదిలితే, బాగా ఎండిన కాయ గలగలమంటుంది, తేమ ఉన్నది ముద్దలా అణిగి ఉంటుంది. ఒకటి విరిచి గింజ రంగు చూస్తారు, తొడిమ గట్టిగా ఉందో ఊడిపోతోందో చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తాలు ఎంత కలిసిందో లెక్కగడతారు. ఇదంతా అరనిమిషం పని.

ఇదే కాయ ఫొటోను వాట్సాప్‌లో పంపితే ఏమవుతుంది? నీళ్ళు చల్లిన కాయ ఫొటోలో ఇంకా నిగనిగలాడుతుంది. బాగా ఎండిన కాయ కాస్త వెలవెలబోయి కనిపిస్తుంది. కెమెరా ఇక్కడ తప్పు సరుకుకు ఓటేస్తుంది. పత్తి దగ్గరా ఇదే వరుస. పింజను రెండు చేతుల వేళ్ళ మధ్య లాగి పొడవు చూసేవాళ్ళకు దూది తెల్లదనం ఒక్కటే చాలదు. రంగునూ ఘాటునూ కొలిచే ప్రయోగశాలలున్నాయి, వాటి లెక్కలు కచ్చితమైనవే. కానీ ఏ కాయను ప్రయోగశాలకు పంపాలో తేల్చేది ఆ గుప్పిటే.

ఊళ్ళ విషయంలోనూ ఇంతే. ఫొటోకు బాగా కనిపించేవి ముందుకొస్తాయి, కనిపించనివి వెనకబడతాయి. కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభ కింద నిలబడ్డవారికి మెడ నొప్పి పుడుతుంది, పైన కర్రల కిర్రుమనే చప్పుడు వినిపిస్తుంది, ఏ ఊరి ప్రభ వస్తోందో జనం కేకల్ని బట్టి తెలుస్తుంది. లైవ్‌లో దీపాలు మాత్రం వస్తాయి.

విన్నవీ చూసినవీ

చీరాల, ఒంగోలు నడుమ సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. ఒకప్పుడు కాకతీయుల రేవు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు ఇక్కడ అభయశాసనం వేయించాడు. ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు స్వాధీనం చేసుకునే ఆ రోజుల్లో, తాను అలా చేయననీ, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోననీ దూరదేశాల వర్తకులకు మాటిచ్చాడు. శాసనం చెక్కిన స్తంభం వీరభద్రస్వామి గుడిలో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ రాజ్యాన్నే మార్కో పోలో ముత్ఫిలి అన్నాడు. ఏలుతున్నది భర్త పోయిన రాణి అనీ, న్యాయంగా పాలిస్తోందనీ రాశాడు. సాలెగూడులాంటి సన్నని బట్టలు నేస్తారన్నాడు, ఆ మాట నమ్మొచ్చు. కానీ అదే కథనంలో వజ్రాల సంగతి చెబుతూ, పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయని కూడా రాశాడు. అది దేశదేశాల్లో తిరిగిన పుక్కిటి కథ. ఆయన ఆ గనుల దాకా వెళ్ళి ఉంటే గద్దలు లేవని తెలిసేది. ఏడు వందల ఏళ్ళు గడిచినా బట్ట కన్నా గద్దే ఎక్కువమందికి గుర్తుంది. కృత్రిమ మేధ చిత్రాలు నిజమైన ఫొటోల్లో కలిసిపోతున్న ఈ రోజుల్లో మన తెరల మీద ఇలాంటి గద్దలు ఎన్ని ఎగురుతున్నాయో చెప్పలేం. చూసొచ్చినవాళ్ళు ఊరికొకరైనా ఉండకపోతే వాటిని పట్టుకునేవాళ్ళుండరు.

ఇక చందవరం. దొనకొండకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున, కొండ మీద బౌద్ధ మహాస్తూపం. 1960ల్లో బయటపడింది, 1970ల్లో తవ్వారు. అమరావతి పేరు విన్నవాళ్ళలో చాలామంది చందవరం పేరు వినలేదు. అక్కడి మ్యూజియంలోని శిల్పాలు 2000-01 ప్రాంతంలో దొంగలపాలయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల పలక, న్యూయార్క్ వ్యాపారి చేతుల మీదుగా ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2016లో ఆ గ్యాలరీ దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చింది. ఆస్ట్రేలియా రాజధానిలో సందర్శకులు ఏళ్ళపాటు ఆ పలక ముందు నిలబడ్డారు. ఒంగోలు నుంచి, మార్కాపురం నుంచి, నరసరావుపేట నుంచి మనం ఎందరం వెళ్ళి చూశాం?

ప్రయాణం వృథా కాదని నేను గట్టిగా నమ్మడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. మన ఆనందం, మన జ్ఞానం అటుంచండి. మనుషుల రాకపోకలున్న చోటికి కాపలా ఉంటుంది, రోడ్డు పడుతుంది, మంచినీళ్ళ కుళాయి వస్తుంది, ఒక పలక తప్పిపోతే నిన్న ఇక్కడుండేదే అని అడిగే గొంతు ఉంటుంది. అలికిడి లేని చోటు దొంగలకే దొరుకుతుంది. లక్ష వ్యూలు వచ్చిన వీడియో రాత్రిపూట గుండ్లకమ్మ గట్టున కాపలా కాయదు.

అందుకే తెర వద్దని చెప్పను. వెళ్ళే ముందు రోజు రాత్రి బ్రిటిష్ మ్యూజియం పేజీ తెరిచి ఆ రెండు ముఖాల పలకను పిల్లలకు చూపించండి. మెకంజీ బొమ్మలు చూపించండి. తెల్లారి బస్సెక్కి ఆ వలయంలో ఒక చుట్టు తిప్పండి. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. నాగార్జునకొండకు లాంచీ ఉందో లేదో విజయపురి సౌత్‌లో ముందు కనుక్కుని బయల్దేరండి. ఎండలు ముదరకముందు, మిర్చి కోతలూ పత్తి తీతలూ సాగే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటుంది, అడిగితే రైతు రకం పేరు చెబుతాడు. స్కూళ్ళ యాజమాన్యాలు విహారయాత్ర అనగానే ఊటీకి, హైదరాబాద్ ఫిల్మ్ సిటీకి బస్సులు మాట్లాడకుండా, ఒక్క ఏడాది ఒక్క బస్సు చందవరానికి పంపి చూడాలి. పురావస్తు శాఖ, పర్యాటక శాఖ కలిసి అక్కడికి ఆదివారాలైనా ఒక ఆర్టీసీ బస్సు నడిచేలా చూడాలి.